అమ్మ ఫోటోకు దళసరి కాగితం

తమ్ముడికి ఆశీస్సులు.

నాకు మతి తప్పి ఇంట్లో కాగితాలన్నీ చింపేస్తున్నానని మరదలు అందరికీ చెబుతున్నట్టు తెలిసింది. చింపడం లేదు, కత్తెరతో, గీత తప్పకుండా కత్తిరిస్తున్నాను. పాత శుభలేఖలు, చీర అంచులు, మైదా జిగురుతో మన కుటుంబానికి ఆల్బమ్ చేస్తున్నాను. ఏదీ కొనలేదు.

మొన్న వచ్చి, "ఈ వయసులో ఇదేం పిల్లల ఆట వదినా?" అంది.

"నీకూ ఒక పేజీ ఉంచానమ్మా. నోరు మూసుకుని ఉన్న ఫోటో ఒక్కటీ దొరకడం లేదు" అన్నాను.

అమ్మ ఫోటోకు మాత్రం గట్టి కాగితం కరువైంది. నువ్వు నింపి, సంతకానికి పంపిన వృద్ధాశ్రమం దరఖాస్తు చక్కగా దళసరిగా ఉంది. నేను సంతకం చేయవలసిన చోట అమ్మను నిన్ననే అంటించాను. జిగురు ఆరిపోయింది కూడా.

నేను ఈ ఇల్లు వదిలి రాను. మరొక దరఖాస్తు పంపదలిస్తే ఇదే మందంలో పంపు. నాన్నగారి పేజీ ఇంకా మిగిలి ఉంది.

అక్క