రమణమ్మ లెక్క, వాచీ లెక్క

మంగళవారం, రాత్రి

ఈరోజు కూడా కుమ్హారి స్టేషను వైపు రైలు పట్టాల క్లిప్పులు చూసుకుంటూ, వదులైనవాటిని సుత్తితో బిగించుకుంటూ నడిచాను. డ్యూటీ దిగేసరికి చేతి వాచీలో పద్దెనిమిది వేల అడుగులు! ఫొటో తీసి విజయనగరంలో ఉన్న మా ఆవిడకి పంపాను. తుంటి విరిగిన వాళ్ళమ్మని చూసుకోవడానికి వెళ్ళి రెండు నెలలైనా రమణమ్మ అజమాయిషీ తగ్గలేదు. వెంటనే ఫోన్ చేసింది.

"అది డ్యూటీ నడక కదేటి, లెక్కలోకి రాదు. డాక్టరు చెప్పిన వాకింగు చేసారేటి? చలో, బయల్దేరండి."

ఒళ్ళు మండింది. అయినా చెప్పులేసుకుని సాయంత్రం నెహ్రూ నగర్ దాకా వెళ్ళాను. పట్టాల కింద స్లీపరు దిమ్మె మీంచి దిమ్మె మీదకి అడుగేసే అలవాటు నాది. రోడ్డు మీదా అవే అంగలు పడతాయి. "మెల్లగా నడవండీ, ఇక్కడ పట్టాలున్నాయేటి?" అని రమణమ్మ వెనక నుంచి రొప్పుతూ అరిచేది. విసుక్కునేవాణ్ణి. ఇవాళ వెనక ఎవరూ లేరు. సగం దారిలో చూసుకుంటే, తను నడిచినట్టే చిన్న చిన్న అడుగులు వేస్తున్నాను, రోడ్డు అంచున తనకి చోటు వదిలి.

గంటసేపు అలాగే నడిచి ఇంటికొచ్చి వాచీ చూశాను. పొద్దుటి పట్టాల నడకంతా వ్యాయామమని రాసుకుంది. సాయంత్రానిది మరీ నెమ్మదట, వ్యాయామం సున్నా నిమిషాలు.

ఆ సున్నాని కూడా ఫొటో తీశాను. పంపితే తిడుతుందో, లేక అవి తన అడుగులేనని గుర్తుపడుతుందో...