మామూలే అన్న వాపు

విజయవాడ పళ్ళ ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి, ఉయ్యూరు నుంచి సింధూరి అమ్మమ్మ చెప్పి రాయిస్తున్నది. రాసేది ఎదురింటి టీచరమ్మ. మర్యాద మాటలు కలుపుతానంటే నేనే వద్దన్నాను.

నా మనవరాలి కింది దవడ వాపు చూసి, "చిన్నపిల్లల్లో ఇది మామూలేనమ్మా, ఎంతోమందికి వస్తుంది, చిన్న ఆపరేషన్ చేసి తీసేద్దాం" అన్నారు. సరేనన్నాను. పిల్ల చెరకు ముక్క కూడా నమల్లేక ఏడుస్తోంది, తగ్గితే నాకంతే చాలు.

మరి మీరటు వెళ్ళగానే, మీ దగ్గర చదువుకునే తెల్లకోటు పిల్లలంతా వరుసకట్టి దాని నోటి దగ్గర సెల్లు పెట్టి ఫొటోలు తీశారెందుకండీ? అందులో ఒకమ్మాయి పక్కమ్మాయితో, "త్వరగా తియ్యవే, ఇలాంటి కేసు మనకి మళ్ళీ దొరకదు" అంది. నాకు చదువు రాదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. జలుబు మామూలే, జలుబు చేసిన పిల్లల్ని ఎవరైనా అలా ఫొటోలు తీస్తారా? మామూలు కాకపోతే నా దగ్గర ఎందుకు దాచారు?

దాని తల్లి కువైట్‌లో ఉంది. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయాల్సింది నేను. అది మామూలో కాదో నా మొహం చూసి చెప్పండి, వేస్తాను. భయపడి పిల్లని ఎత్తుకుపోయే మనిషిని కాను. చెప్పకపోతే మాత్రం వేయను.

ఇంకొకటి. నిన్న కరెంటు మీటరు చూసే అతను మా ఇంటికొచ్చి, రీడింగు కోసం సెల్లు బయటికి తీశాడు. ఆడుకుంటున్న పిల్ల లేచి వచ్చి, ఎవరూ అడక్కుండానే అతని ముందు నోరు తెరుచుకుని నిలబడింది.