దొరగారి వీలునామా

మంగళవారం, శ్రీకాకుళం

పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ ఈస్టిండియా కంపెనీలో పనిచేసి, తిరిగి ఇంగ్లండు వెళ్లి భూములు కొని, పార్లమెంటులో కూర్చున్న దొర తన వీలునామాలో ఇక్కడి ఆడమనిషికి పుట్టిన కొడుకు పేరు రాశాడు. రాజుల వంశం నాదంటూ ఓట్లడుగుతున్న మన అభ్యర్థి ఆ కొడుకు సంతతే. ఆ వీలునామా నకలు నాకు చూపించింది అతని పెద్దమ్మ.

"నా పేరు రాయకు బాబూ. ఆడు నన్నింట్లో ఉండనీడు."

రాయలేదు. కానీ వార్త వేసేముందు, అలవాటుగా, వివరణ కోసం అతనికి ఫోన్ చేశాను. కాదని బుకాయిస్తుంటే వీలునామాలోంచి రెండు వాక్యాలు చదివాను. నవ్వాడు.

"ఆ కాగితం మా పెద్దమ్మ పెట్టెలో ఉన్నాది కదేటి?"

వార్త ఆపించాను. సాయంత్రం నుంచి ఆమెకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇప్పుడే ఎత్తారు. నేను హలో అనకముందే అతని గొంతు:

"సెప్పండి, రిపోర్టరు గారూ."