ఎనిమిది గదుల మౌనం

సంచౌంగ్, యాంగోన్, బర్మా

చిరంజీవి వేణుబాబుకి అత్త వెంకమ్మ దీవెనలు.

రాజస్థాన్ ఎడారి ఊళ్లో రిసార్టు మేనేజరువయ్యావని వీధంతా చెప్పుకున్నాను. ఫొటో చూశాక అనుమానం పట్టుకుంది. ఎనిమిదే గదులా? చుట్టూ ఇసకేనా? ఏటుందని జనం అంత దూరం వస్తారు?

నీ అత్త

తా.క.: నీకంటే ఫొటోలో నీ పక్కనున్న ఒంటే ఒళ్లు చేసింది.

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఏమీ లేకపోవడమే ఇక్కడి గొప్ప. టీవీ లేదు, ఫోను మోగదు. తెల్లారకముందే లేచి ఇసకదిబ్బ మీద ఊరికే కూర్చోవచ్చు. చిన్న చోటు కాబట్టి ప్రతి అతిథినీ పేరుతో పలకరిస్తాం. కానీ గదులన్నీ ఖాళీ. నెలాఖరులోగా అవి నింపి, అతిథుల మెప్పు తన చెవులకి వినిపించకపోతే నన్ను తీసేస్తానని యజమాని సేఠ్ గారు తేల్చేశారు.

వేణు

తా.క.: ఎవరినైనా పంపు. ప్రస్తుతం పేరుతో పలకరించడానికి ఒంటే మిగిలింది.

*

వేణూ,

ధ్యాన కేంద్రమని ముందే చెప్పొచ్చు కదరా! మా వీధి చివర ఉన్నదీ అచ్చం ఇంతే. పక్కింటి డో సాన్ సాన్ బుద్ధగయ యాత్రకి వెళ్తోంది. వాళ్ల తాత మన విశాఖవాడే. ఆవిడతో కలిపి ఎనిమిదిమంది అటునుంచి వచ్చి పది రోజులు మీ దగ్గర ఉంటారు. గదులు పట్టేశారు. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నీ అత్త

తా.క.: మధ్యాహ్నం దాటాక వాళ్లకి అన్నం పెట్టకు. పది రోజులూ మౌనవ్రతం, నోరు తెరిపించకు.

*

అత్తా,

నీ పేరు చెప్పి గదులు పట్టినవాళ్లు వచ్చి నాలుగు రోజులైంది. ఏం తప్పు చేశానో ఒక్కరూ చెప్పరు! పలకరిస్తే తల దించుకుంటారు. పరుపులు వదిలి నేల మీద పడుకుంటారు. రాత్రి భోజనం ముట్టరు, వంటాయన ఏడుస్తున్నాడు. సేఠ్ గారు పొద్దుటినుంచీ వాళ్లెదుట కూర్చుని కోపమెందుకని అడుగుతున్నారు. నా ఉద్యోగం పోయినట్టే.

వేణు

తా.క.: ఒంటె కూడా వాళ్ల పక్కనే చతికిలబడింది. దానికీ కోపమేమో.

*

అత్తా,

పదో రోజు డో సాన్ సాన్ గారు సంచిలోంచి నీ ఉత్తరం తీసిచ్చారు. "మౌనంలో ఉత్తరం ఇచ్చినా మాటాడినట్టే బాబూ, ఏటి చేస్తాను?" అన్నారు. ఇంత ప్రశాంతమైన చోటు ఎక్కడా చూడలేదట. మళ్లీ వస్తారట. ప్రాణం లేచొచ్చింది. ఆ మెప్పు వినిపించాలని సేఠ్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన వాళ్లెదుట కూర్చున్నచోటే కళ్లు మూసుకుని ఉన్నారు. మూడు నెలలు మౌనమని, ఇక రాతా లేదని పలక మీద రాసి చూపించారు. నెలాఖరు వెళ్లిపోయింది. నన్ను తీసేయాలంటే నోరు తెరవాలి కదా!

నీ వేణు

తా.క.: నెల రోజులు సెలవడిగాను. కాదనలేదు. సంచౌంగ్ వస్తున్నాను.