ఔనయ్యా అనేవాళ్లు

రఘునాథపల్లి, గురువారం

మనవరాలి బడిలో పిల్లలకు ఆఫ్రికాలోని మాలి రాజు కథ చెప్పమని పంతులమ్మ నన్ను పిలిచింది. అక్కడా రాజుల కథలు మన ఒగ్గుకథలాగే పాడి చెబుతారట. కథ ఆమే చదివి వినిపించింది. కానీ మా ఒగ్గు జట్టులో కథ చెప్పింది అన్న. నేను డోలు కొట్టి, "ఔనయ్యా" అని వంత పలికినవాణ్ణే. అన్న పోయాక అదీ లేదు.

ఇవాళ పిల్లల ముందు నిలబడి ఆ రాజు చిన్నప్పటి ముచ్చట ఎత్తుకున్నాను. "నడవరాని పిలగాడు ఇనుప కడ్డీ పట్టుకొని లేసిండు" అన్నాను. అలవాటుగా నేనే "ఔనయ్యా" అని, తర్వాతి మాట కోసం అన్న నిలబడే వైపు చూశాను.

పిల్లలు నవ్వారు. "తాతా, చెప్పేది నువ్వే, ఔననేది నువ్వేనా? గది మేమంటం" అంది మనవరాలు.

వాళ్లు వంత పలికితే కథ సగం దాకా నడిచింది. మిగతాది రేపట. గొంతు నిలుస్తుందో లేదో. ఇంటికొచ్చి అటక మీది డోలు దించి చూశాను, తోలు వదులైంది. పొద్దున్నే ఎండలో పెట్టాలి.