పళ్ళెంలో తామర

అనంతపురం,
4 ఆగస్టు 2025, సోమవారం.

అవ్వా, నీ పద్మప్రియ దండాలు.

ఈ పొద్దున ల్యాబు తలుపు తీయగానే ఎంత ఆశ్చర్యమో! గాజు పళ్ళెంలో తామర పెరిగింది! తెల్లగా, గుండ్రంగా, దూదిలా! నేను పెంచిన మొదటి తామర! మీ పెరట్లోని సీమఅవిసె ఆకు రసం దాని మీద పోసి చూడాలి. ఫోనులో నీకు వినపడదు కనుక కండక్టర్ ఓబులేషన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆకులు అతనికే ఇవ్వు.

ఒక్క పళ్ళెం చాలదట. గురువారంలోగా ఐదుగురి దగ్గర నుంచి తామర తేకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు మా ల్యాబు రూతు మేడం.

నీ మనవరాలు

తా.క.: మూత తీసి వాసన చూడబోతే మేడం చేతి మీద కొట్టారు.

కుందుర్పి,
మంగళవారం.

పాపకు తిమ్మక్కవ్వ దీవెనలు.

ఈడ తాగేకి నీళ్ళు లేవు, నువ్వు ఆడ పళ్ళెంలో తామర పూయిస్తాండావా! ఆ పేరు పెట్టినందుకు సార్థకం చేసినావు. ఆకు రెండు సంచులు పంపుతాండా, ఎరువు తక్కువ చేయొద్దు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా, వీధంతా చెప్పినా. తొమ్మిదిమంది నీ తామర కావాలన్నారు. ఈశ్వరప్ప పెండ్లానికి రెండంట.

ఇట్లు, మీ అవ్వ

తా.క.: దేవునికి పెట్టేదాన్ని ముందే వాసన చూస్తారా? ఆ రూతు మేడంకు మన ఆచారం ఎంత బాగా తెలుసమ్మా!

అనంతపురం,
మంగళవారం సాయంత్రం.

అవ్వా, కొంప మునిగింది!

పువ్వు కాదవ్వా! ఒంటి మీద గుండ్రంగా లేచి దురదపెట్టే తామర! నీ ఆకు రసం దానికి ఎరువు కాదు, మందు! చెరువులో పూసేదీ, నడుము దగ్గర గోకించేదీ ఒకటే మాట! మన తెలుగు ఎంత చిత్రమో అని ఒక నిమిషం మురిసిపోయాను, తర్వాత ఏడుపొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పు. ఎల్లుండే గురువారం, నా దగ్గర ఇంకా ఒక్క పళ్ళెమే.

కంగారులో, ప్రియ

తా.క.: దాన్ని మాత్రం లక్ష్మీదేవి చేతిలో పెట్టవద్దు.

కుందుర్పి,
బుధవారం.

పాపా, బాగుండు.

తామర అడిగిన తొమ్మిదిమందినీ ఇంటికి పిలిచి, నీ ఉత్తరం అందరి ముందరా గట్టిగా చదివినా. ఒక్కరూ నవ్వలేదు. ఈశ్వరప్ప పెండ్లాం లేచి తలుపేసి, "అక్కా, నాకు ఆ తామర గూడా ఉండాది" అనింది. అంతే! ఒకరు మోచెయ్యి, ఒకరు మెడ చూపించినారు. ఇన్నేండ్లు ఎవురికి వాళ్ళు కొంగు చాటున గోక్కుంటాండారంట! తొమ్మిదిమందీ వస్తామన్నారు, తామర తీసుకునేకి కాదు, ఇచ్చేకి. మేడంను పళ్ళాలు కడిగిపెట్టమను.

ప్రేమతో, అవ్వ

తా.క.: రేపు పొద్దున ఆరు గంటల బస్సులో పది సీట్లు పట్టమని ఓబులేషుకు చెప్పినా. పదోది నాది. తోడు వస్తాండానని వాళ్ళకు చెప్పినా, నువ్వూ అదే చెప్పు, నా నడుము సంగతి ఎత్తొద్దు.