పైనుంచి కిందికి కట్టే గోడ

ఒరేయ్ పెద్దోడా,

"కంప్యూటర్ రాతల్లో ఖాళీ జాగాలు సర్దడం కూడా ఒక పనేనా నాన్నా, దాన్ని మాన్పించి మన కట్టుబడి పనిలోకి తీసుకురా" అని నన్ను నీ కూతురి దగ్గరికి పంపావు. నేను తీసుకురావడం లేదు. అక్షరాలు వంకరగా ఉన్నా నోరు మూసుకుని చదువు.

నిన్న ఆఫీసులో దాని పక్కనే కూర్చున్నాను. కంప్యూటర్‌కి పని చెప్పే రాతలు రాసుకోవడానికి వీళ్ళు పలక లాంటిది ఒకటి తయారుచేస్తున్నారు. ఏ వరస ఎంత లోపలికి జరిగి మొదలవ్వాలో ఆ పలకే సర్దుతుంది. కానీ ఇదివరకు ప్రతి వరసకీ మొదటినుంచి మళ్ళీ అంతా చదువుకునేదట. రాత పెద్దదైతే మొరాయించేదట.

"ఏడ్చినట్టుంది! ఇటుక పెట్టినప్పుడల్లా పునాదిలోకి దిగి కొలుస్తామా? కింది వరస చూసి దారం కడతాం" అన్నాను.

"నేను మార్చింది అదే తాతా. ఇప్పుడది పై వరస ఒక్కటే చూసుకుంటుంది. చిన్నప్పుడు నీ దారం అవతలి కొస పట్టుకుంది ఎవరనుకున్నావ్?" అంది.

వంకరటింకరగా ఉన్న ఎనిమిది వేల వరసలు తెరిచి మీట నొక్కింది. నేను రెప్ప వేసేలోగా అన్నీ వాటి చోట్లలో నిలబడ్డాయి. యాభై ఏళ్ళు గోడలు కట్టినవాణ్ణి, కుర్చీలోంచి లేచి నిలబడిపోయానురా.

మన గోడ కిందనుంచి లేస్తుంది, దానిది పైనుంచి దిగుతుంది. అంతే తేడా. మాన్పించే మాట ఇంకెత్తకు.

నీకిస్తానన్న నా దారం ఉండ గూట్లో ఉంది. అది దీనికి పంపు.

మీ నాన్న